జోజప్ప అనని మాట

ఒక మనిషి కాదన్నాడు. అవునన్నాడని నేను చెప్పాను. నా తప్పు చెప్పడానికి ఈ రెండు వాక్యాలు చాలు. కానీ చాలా ఏళ్ళు ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి పైకి అనలేకపోయాను. లోపల మాత్రం అవి ఎప్పుడూ ఉన్నాయి. కూర తరుగుతున్నప్పుడు, బస్సులో కిటికీ పక్కన కూర్చున్నప్పుడు, ఎవరైనా నన్ను మంచి మనిషి అన్నప్పుడు.

మీరెవరో నాకు తెలియదు. తెలియదు కాబట్టే చెప్పగలుగుతున్నాను. ఎదుట ముఖం కనిపిస్తే నేను మాట మారుస్తాను. అవతలి వాళ్ళు ఏం వినాలనుకుంటున్నారో కనిపెట్టి అదే చెప్పడం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటు. దాన్ని చాలాకాలం మంచితనం అనుకున్నాను.

నా పేరు రాయను. ఊరి పేరు కూడా రాయను. పుంగనూరు నుంచి చౌడేపల్లె పోయే దారిలో బస్సు దిగి, కాస్త లోపలికి నడిస్తే వచ్చే పల్లె అనుకోండి. పాడి ఆవులు, టమోటా తోటలు, కొన్ని కథోలిక కుటుంబాలు, వాళ్ళకొక పాత రాతి గుడి. అక్కడి వాళ్ళు చర్చిని గుడి అనే అంటారు. ఫాదరును స్వాములోరు అంటారు. నేనూ అలాగే రాస్తాను.

మాది పుంగనూరే. నాన్న పాండిచ్చేరిలో బట్టల మిల్లులో పనిచేసేవాడు కాబట్టి నేను అక్కడ పెరిగాను, అక్కడే చదివాను. బడిలో ఫ్రెంచి నేర్పేవాళ్ళు. మిగతా పిల్లలు మార్కుల కోసం చదివితే నేను ప్రేమతో చదివాను. ఎందుకు ప్రేమించానో చెప్పలేను. ఆ భాష మాట్లాడితే నేను వేరే మనిషినైనట్టు ఉండేది. డిగ్రీ అయ్యాక మదనపల్లెలో టమోటా మండీ ఉన్న ఇంటికి నన్నిచ్చి పెళ్ళి చేశారు. మా ఆయన మంచివాడు. కానీ ఆ ఇంట్లో ఫ్రెంచికి ఏం పని? పొద్దున మండీలో వేలం పాట, మధ్యాహ్నం లారీలు, సాయంత్రం ధరల మాటలు. నేను రోట్లో పచ్చడి నూరుతూ ఫ్రెంచి క్రియలు వల్లె వేసుకునేదాన్ని. మరిచిపోతానేమోనని భయం. ఫ్రాన్సు నేల మీద ఒక్కసారి కూడా కాలు పెట్టకుండానే పోతానేమోనని ఇంకా పెద్ద భయం.

ఇది సాకు కాదు. ఏ ఆశ నా చేత ఆ పని చేయించిందో మీకు తెలియాలని చెబుతున్నాను.

తొంభైల నడుమ ఒక వేసవిలో, మా పిల్లలు చదివే కాన్వెంటులోని సిస్టరమ్మ నన్ను పిలిపించింది. ఫ్రాన్సు నుంచి ఒక పెద్దాయన వచ్చాడు, ఇంగ్లీషు సరిగా రాదు, రెండు రోజులు సాయం చేస్తావా అని అడిగింది. అలా రెనేని చూశాను. రిటైరైన బడి పంతులు. పొడుగ్గా, కొంచెం వంగి, నేల చూస్తూ నడిచేవాడు. హార్స్లీ హిల్స్ చూపిస్తామంటే వద్దన్నాడు. కొండలు మా దగ్గరా ఉన్నాయి, నేను ఒక తలుపు చూడటానికి వచ్చాను అన్నాడు.

ఆ మాటకు అర్థం జీపులో పుంగనూరు వెళ్తుంటే చెప్పాడు. ఆయనది చిన్న పల్లెటూరు. కానీ ఆ ఊళ్ళో ఎనిమిది తొమ్మిది వందల ఏళ్ళ నాటి చర్చి ఉంది. ఊరి చివర ఇంకొకటి, చిన్నది, ఒకప్పుడు కుష్ఠు రోగుల కోసం కట్టింది. రాజుల కాలం నాటి కోటగోడలో ఒక ద్వారం, దాని మీద బురుజు మిగిలాయి. నడిబజారులో పెద్ద పెద్ద దూలాల మీద నిలిచిన సంత కొట్టం ఉంది, గోడలు లేవు, కప్పు మాత్రమే. వాటన్నిటి ఫోటోలు ఒక పాత కవరులో తెచ్చుకున్నాడు. ఒక్కొక్కటే నా ఒళ్ళో పెట్టాడు. ఆ రాళ్ళను చూసుకోవడమే ఆయన పని, ఎవరూ చెప్పకపోయినా చేసే పని. వానాకాలం కప్పు కారుతుందేమోనని నిచ్చెన వేసి ఎక్కేవాడట. భార్య పోయాక ఆ ఊరి గోడలే తనకు తోడు అన్నాడు.

ఆ ఊళ్ళో పుట్టిన ఒక స్వాములోరు, రెనే ముత్తాతల కాలంలో, మన దేశానికి వచ్చి ఈ పల్లెలో గుడి కట్టించాడు. తన ఊరి చర్చి తలుపును గుర్తు పెట్టుకుని ఇక్కడి రాతిలో మళ్ళీ చెక్కించాడు. కట్టించినాయన ఊరికి తిరిగి వెళ్ళలేదు. ఆయన సమాధి ఆ గుడి పక్కనే ఉంది.

మేం వెళ్ళి చూశాం. రెనే తలుపు ముందు చాలాసేపు నిలబడ్డాడు. ఒకదాని లోపల ఒకటిగా మూడు రాతి కమానులు, అంచున రంపపు పళ్ళలాంటి చెక్కడం. ఫోటో పక్కన పెట్టి చూస్తే అదే. కమాను కింద అటొకటి ఇటొకటి సింహాలు. ఫోటోలో ఉన్నవి నోరు మూసుకున్న కుక్కల్లా ఉన్నాయి. ఇక్కడివి మాత్రం కనుగుడ్లు పొడుచుకొచ్చి, కోరలు తెరిచి, మన దేవాలయాల స్తంభాల మీది యాళుల్లా ఉన్నాయి. ఇక్కడి శిల్పులకు సింహమంటే అదే మరి. రెనే నవ్వాడు. మా వాటికంటే ఇవే ధైర్యంగా ఉన్నాయి అన్నాడు.

గుడి పక్కన రెండు రాతి స్తంభాల మధ్య గంట వేలాడుతోంది.

దాని కథ కూడా జీపులోనే చెప్పి ఉన్నాడు. ఆ ఊరి వాళ్ళు ఒకే పోతలో రెండు గంటలు చేయించారట. ఒకటి తమ చర్చికి, ఒకటి దూరదేశం వెళ్ళిన తమ పిల్లవాడి గుడికి. యుద్ధంలో వాళ్ళ చర్చి కప్పు తగలబడి వాళ్ళ గంట కింద పడి పగిలింది. ఆ గంట గూడు అప్పటి నుంచి ఖాళీ. మిగిలిన కవల ఇక్కడుంది.

"నేను ఊరికే అడుగుతాను," అన్నాడు. "వాళ్ళు కుదరదంటే ఇంకోసారి అడగను. ఫోటో తీసుకుని వెళ్ళిపోతాను." కొంచెం ఆగి, ఒకవేళ ఇస్తే మీరు కూడా మా ఊరికి రావాలి, మా వాళ్ళకు వీళ్ళ మాటలు చెప్పడానికి ఒకరు కావాలి కదా, ప్రయాణం సంగతి ఊరు చూసుకుంటుంది అన్నాడు.

ఆయన మామూలుగానే అన్నాడు. నాకు మామూలుగా వినపడలేదు.

ఆ గుడికి ఉపదేశి జోజప్ప. నెలకొకసారి స్వాములోరు వచ్చి పూజ చేస్తే, మిగిలిన ఆదివారాలు జపం చెప్పించేది, పిల్లలకు మంత్రాలు నేర్పేది, చావుకీ పెళ్ళికీ గంట కొట్టేది అతనే. అరవై దాటిన మనిషి. తెల్లటి పంచె, భుజం మీద తువ్వాలు, చెప్పుల్లేని కాళ్ళు. భార్య లేదు. కూతురు మరియమ్మ, అల్లుడు అతనితోనే ఉండేవాళ్ళు. రెనే ముందే ఉత్తరంలో రాసి ఉండటంతో, మేం రాకముందే సిస్టరమ్మ గంట సంగతి స్వాములోరిని అడిగింది. గంట ఊరి వాళ్ళది, జోజప్ప సరేనంటే నాకూ సరే అన్నాడాయన. అంటే అంతా జోజప్ప నోట్లో ఉంది. జోజప్ప మాట నా నోట్లో ఉంది.

నేను మొదట నిజాయితీగానే అడిగాను. అది కూడా చెప్పాలి. రెనే అన్నదంతా ఒక్క ముక్క వదలకుండా తెలుగులో చెప్పాను. కవల గంట సంగతి, యుద్ధం సంగతి, ఖాళీ గూడు సంగతి. జోజప్ప తువ్వాలు చేతిలోకి తీసుకుని విన్నాడు. రెనే ముఖంలోకి చూసి నవ్వాడు. తర్వాత రెండు చేతులూ జోడించాడు.

"ఇచ్చేదానికి అది నాది కాదు కదమ్మా. మా నాయిన పోయినప్పుడు అదే మోగింది. నా పెండ్లికి అదే మోగింది. మా ఆడది పోయిన పొద్దు నేనే కొడితిని దాన్ని, సేతులు ఆడకపోయినా. నేను పోతే కూడా అదే మోగల్ల. ఆయప్పకు సెప్పు తల్లీ, బాధ పడొద్దని. సూసుకొమ్మను, తాకమను, ఎన్ని ఫోటోలు కావాలంటే అన్ని తీసుకొమ్మను. ఈడ నాలుగు దినాలు ఉంటానంటే మా ఇంట్లో ఉండమను. గంట మాత్రం లేదు."

రెనే నా వైపు తిరిగాడు. ఏమంటున్నాడు అని అడిగాడు.

ఎంతసేపు ఆగాను? ఊపిరి తీసుకున్నంత సేపు. ఆ కొంచెంలో నేను ఏమాలోచించాను? ఏమీ ఆలోచించలేదని నాకు నేను చాలాసార్లు చెప్పుకున్నాను. అది కూడా అబద్ధమే. ఒళ్ళో పెట్టిన ఫోటోల గురించి ఆలోచించాను. ఆ సంత కొట్టం కింద నేను నిలబడినట్టు, ఎవరో నన్ను ఫ్రెంచిలో పలకరించినట్టు, నేను తడుముకోకుండా జవాబు చెప్పినట్టు. జోడించిన ఆ చేతులనూ, ఆ నవ్వునూ చూస్తే భాష రాని మనిషికి ఒప్పుకున్నట్టే ఉంటుందని కూడా ఆలోచించాను. అవును, అంత దూరం ఆలోచించాను.

"ఈ గంట మీ ఊరి బిడ్డ అంటున్నాడు. తీసుకుపొమ్మంటున్నాడు," అన్నాను ఫ్రెంచిలో. చక్కటి వాక్యం. వ్యాకరణంలో తప్పు లేదు.

రెనే కళ్ళ నిండా నీళ్ళు వచ్చాయి. ఆయన జోజప్ప రెండు చేతులూ పట్టుకుని తల వంచాడు. జోజప్ప ఆయన భుజం తట్టి నాతో అన్నాడు.

"మంచోడమ్మా. లేదని సెప్పినా కోపం రాలే సూడు."

ఈ మాట నేను ఎవరికీ అనువదించలేదు.

ఆ తర్వాత రెండో అబద్ధం చెప్పక తప్పలేదు. తప్పలేదు అంటున్నాను చూడండి. తప్పేది. అప్పుడైనా జీపులో కూర్చున్నాక, నేను పొరపాటు విన్నానని రెనేకి చెప్తే సరిపోయేది. ఆయన ఏమీ అనేవాడు కాదు. నేను చెప్పలేదు. మరుసటి రోజు ఒక్కదాన్నే పల్లెకు వెళ్ళి జోజప్పతో వేరే కథ చెప్పాను. గంటను వేలాడదీసే చెవి అరిగిపోయిందని ఆ ఫ్రెంచి ఆయన చూశాడు, ఎప్పుడో ఒకప్పుడు ఎవరి నెత్తి మీదో పడుతుంది, కుప్పంలో తెలిసినవాళ్ళ దగ్గర బాగు చేయించి పంపిస్తానంటున్నాడు అన్నాను. చెవి నిజంగానే కొంచెం అరిగి ఉంది. అబద్ధానికి ఎప్పుడూ అంత నిజం దొరుకుతుంది.

జోజప్ప గంట వైపు చూశాడు. "క్రిస్మసు పండక్కి వస్తాదా?" అన్నాడు.

వస్తుందన్నాను.

ఊరి వాళ్ళే మోకులు కట్టి దించారు. ఆడవాళ్ళు కడిగి, పసుపు పచ్చటి చేమంతుల దండ వేశారు. సాంబ్రాణి పొగ వేశారు. జపం చెప్పారు. వరిగడ్డి పరిచిన వ్యానులోకి ఎక్కించారు. బాగై రావాలని వాళ్ళు దండ వేశారు. గంటకు వీడ్కోలు చెబుతున్నారని రెనే అనుకున్నాడు, టోపీ తీసి నిలబడ్డాడు. ఇటు వాళ్ళు ఆయనకు దండం పెట్టారు, అటు ఆయన వాళ్ళకు దండం పెట్టాడు. నడుమ నేను నిలబడి ఇద్దరికీ నవ్వుతూ ఉన్నాను. అక్కడున్న అందరిలో ఏం జరుగుతోందో తెలిసింది నా ఒక్కదానికే.

స్వాములోరికి జోజప్ప సరేనన్నాడని నేనే చెప్పాను. ఆయన మరి అడగలేదు. ఆ నెలలోనే వేరే ఊరికి బదిలీ మీద వెళ్ళిపోయాడు. అదీ నాకు కలిసి వచ్చింది.

కుప్పంలో రాయి పాలిష్ చేసి విదేశాలకు పంపే ఒకాయన రెనేకి పరిచయం. ఆయన ఫ్యాక్టరీ వరకు నేనూ వెళ్ళాను. పచ్చ గ్రానైటు పలకలు వరసగా నిలబెట్టి ఉన్నాయి. నీళ్ళు కారుతూ రంపాలు కోస్తున్నాయి. ఒకరి మాట ఒకరికి వినపడదు. పలకలు పెట్టే చెక్కపెట్టెల్లాంటిదే ఒకటి చేసి, గడ్డితో కుక్కి గంటను దింపారు. పాత వస్తువులు అలా దేశం దాటించకూడదని నాకప్పుడు తెలియదు. తెలిసి ఉంటే ఆగేదాన్నా? ఆగేదాన్ననుకోను. రెనేకి అసలే తెలియదు. పెట్టె మూత మేకులతో బిగిస్తుంటే ఆయన నాతో ఒక మాట అన్నాడు. వీళ్ళకు మా ఊరు కొత్త గంట పోయించి పంపాలి, ఖాళీగా వదలడం న్యాయం కాదు అన్నాడు.

వద్దన్నాను. స్వాములోరు ఏర్పాటు చేశారు, మీరు పంపితే వాళ్ళు చిన్నబుచ్చుకుంటారు అన్నాను. కొత్త గంట వస్తే పాతది రాదని తెలిసిపోతుంది కదా. మొదటి అబద్ధం ఆశతో చెప్పాను. ఇది చల్లగా ఆలోచించి చెప్పాను. రెండింట్లో ఏది పెద్దదో ఇప్పటికీ తేల్చుకోలేను.

మరుసటి ఏడాది ఫ్రాన్సు వెళ్ళాను. అత్తగారు పిల్లల్ని చూసుకుంది. మా ఆయన మద్రాసు ఎయిర్‌పోర్టు దాకా వచ్చి, జాగ్రత్త అని చెప్పి పంపాడు.

ఆ ఊరు ఫోటోలో ఉన్నట్టే ఉంది. నాకది ఆశ్చర్యం. ఫోటోలో లేనిది చల్లదనం. వేసవి ఎండలోంచి చర్చిలోకి అడుగుపెడితే బావిలోకి దిగినట్టు చల్లగా ఉంది. తేనె రంగు రాళ్ళు. అరచెయ్యంత కిటికీలు. గోడలు మనిషి చేతులు చాపినంత మందం. నేల మీద పరిచిన పలకలు నడిచి నడిచి నడుమ గుంటలు పడ్డాయి. కుష్ఠు రోగుల చర్చి ఇంకా చిన్నది. లోపలికి రాకూడని రోగులు బయటి నుంచే పూజ చూడటానికి గోడలో వదిలిన ఒక సందును రెనే చూపించాడు. సంత కొట్టం దూలాలు గొడ్డలితో చెక్కినవి, దెబ్బలు ఇంకా కనిపిస్తాయి. నేను అన్నీ తాకి చూశాను. బురుజు మీదికి మెట్లెక్కాను. అక్కడి వాళ్ళు నన్ను ఫ్రెంచిలో పలకరించారు. నేను తడుముకోకుండా జవాబు చెప్పాను.

ఆదివారం పూజలో గంటకు నీళ్ళు చల్లి పైకి లాగారు. ఊరి పెద్ద ఒకాయన మాట్లాడి, దూరదేశపు పేదలు చూపిన ఔదార్యం అన్నాడు. నన్ను ముందుకు పిలిచారు. జోజప్ప తరఫున నేను నాలుగు మాటలు చెప్పాను. అతను అననివి, ఒకదాన్ని మించి ఒకటి బాగున్నవి. అందరూ చప్పట్లు కొట్టారు. తర్వాత గంట మోగింది. పల్లెలో దాని మోత మైదానంలోకి చెదిరిపోయేది. ఇక్కడ రాతి గోడల మధ్య తిరిగి తిరిగి నా మీదే పడినట్టుంది.

ఇక్కడ మీకు నేను ముఖ్యంగా చెప్పాల్సింది ఉంది. ఆ నిమిషంలో నాకు భయం వేయలేదు. సిగ్గు వేయలేదు. జోజప్ప గుర్తుకు రాలేదు. నేను సంతోషంగా ఉన్నాను. నా జీవితంలో అంత సంతోషంగా మళ్ళీ ఎప్పుడూ లేను. తప్పు చేసిన మనిషి ఆ పూట నుంచే కుమిలిపోతుందని వింటాం. నా విషయంలో అలా జరగలేదు. ఆ సంతోషాన్ని ఇప్పటికీ నా నుంచి పెరికి పారేయలేకపోతున్నాను.

తిరిగి వచ్చేలోపే ఒక క్రిస్మసు గడిచిపోయి ఉంది. జోజప్ప అప్పటికే ఒకసారి మదనపల్లె వచ్చి మా ఇంట్లో అడిగి వెళ్ళాడు. కుప్పంలో పని ఆలస్యమైందని చెప్పించాను. ఇంకోసారి వచ్చాడు, చింతపండు తెచ్చాడు. కొత్త చెవి పోయడానికి అచ్చు దొరకలేదట పెద్దాయనా అన్నాను. అతను సరేలే అని వెళ్ళాడు. పల్లెలో గంట బదులు చెట్టుకు రైలు పట్టా ముక్క కట్టి కొడుతున్నారని అప్పుడే చెప్పాడు, ఫిర్యాదులా కాదు, నాకు తెలియాలని.

తర్వాత ఏమైందంటే, బదిలీ మీద వెళ్ళిన స్వాములోరు ఏదో పని మీద మదనపల్లె వచ్చాడు. పల్లె వాళ్ళెవరో ఆయన్ను కలిసి గంట సంగతి ఎత్తారు. అదేంది, జోజప్పే కదా ఆ ఫ్రెంచి ఆయనకు ఇచ్చేసింది అన్నాడాయన. ఆయనకు నేను చెప్పిందే ఆయన చెప్పాడు. ఆ మాట పల్లె చేరేసరికి ఇచ్చేసింది కాస్తా అమ్ముకున్నది అయింది.

జోజప్ప మూడోసారి వచ్చాడు. ఆ పొద్దు చేతిలో ఏమీ తేలేదు. వసారాలో అరుగు మీద కూర్చున్నాడు. నేను కాఫీ ఇచ్చాను.

"స్వాములోరు ఇట్లా అంటాండాడంట. నేను ఇచ్చినానంట," అన్నాడు. "ఆ పొద్దు నేనేమన్నానో నీకు తెలుసు కదమ్మా. నువ్వే ఉంటివి నడుమ."

నేను తల ఎత్తలేదు. "గంట కుప్పంలో పగిలిపోయింది పెద్దాయనా," అన్నాను. "కొత్త చెవి అతికేటప్పుడు బీట వచ్చేసింది. నీకెట్లా సెప్పాలో తెలీక ఇన్నాళ్ళు దాచినాను. స్వాములోరు ఏదో అనుకుని అన్నాడేమో."

అతను గ్లాసు చేతిలోకి తీసుకున్నాడు. కాఫీ తాగాడు. గ్లాసు బోర్లించి పెట్టాడు.

"పగిలిందా," అన్నాడు. "పాతదే కదా. సరేలే తల్లీ."

అతనికి తెలిసిందా? పగిలితే ముక్కలన్నా ఉండాలి కదా, అవి ఏవని అడగలేదు. అడగనందుకు నమ్మాడనుకోవాలా, నమ్మలేదనుకోవాలా? నన్ను కాపాడటానికి అడగలేదా, లేక నాతో ఇంక మాట్లాడటం ఇష్టం లేకనా? ఈ ప్రశ్నల చుట్టూ ఎన్ని రాత్రులు తిరిగానో. జవాబు అతని దగ్గర ఉండిపోయింది. ఊళ్ళో కూడా నా పేరు ఎత్తలేదని తర్వాత తెలిసింది. గంట పగిలిందంట అని మాత్రం చెప్పాడు. ఎవరూ నమ్మలేదు. జపం చెప్పించే పని వేరే అతనికి ఇచ్చారు. జోజప్ప గుడికి రావడం మానలేదు, వెనక తలుపు దగ్గర కూర్చుని వెళ్ళేవాడట.

రెండు వేల సంవత్సరం దాటిన కొన్నాళ్ళకు చనిపోయాడు. సిస్టరమ్మతో కలిసి నేనూ వెళ్ళాను. గుడి ముందు ఎవరో కుర్రవాడు పట్టా ముక్క మీద ఇనుప కడ్డీతో కొడుతున్నాడు. సన్నగా, చెవికి గుచ్చుకునేట్టు ఉంది ఆ చప్పుడు. జనం తక్కువే వచ్చారు. శవాన్ని ఎత్తబోయే ముందు మరియమ్మ లేచి నా దగ్గరకు వచ్చింది. అందరి ఎదుటా నా చెయ్యి పట్టుకుంది.

"అమ్మా, మా నాయిన అమ్ముకున్నాడనే అంటాండారు ఈళ్ళు. నువ్వన్నా సెప్పు. ఆ పొద్దు ఆయన ఏమన్నాడో నీకు తెలుసు. ఇప్పుడన్నా సెప్పమ్మా."

పోయిన మనిషి చాప మీద ఉన్నాడు. ఊరు ఊరంతా నా వైపు చూస్తోంది. ఒక్క మాట చాలు. అతను ఇవ్వనన్నాడు అంటే చాలు, ఇంకేం చెప్పక్కర్లేదు.

"చానా దినాలైంది మరియమ్మా," అన్నాను. "నాకు సరిగా గుర్తు లేదు."

నేను చేసిన అన్నిటిలో ఇదే పెద్దది. గంట పోతే ఇంకో గంట పోయించుకోవచ్చు. ఇది చేశాక నా దగ్గర ఏ సాకూ మిగల్లేదు. అప్పుడు నేనేమీ చిన్నదాన్ని కాదు. ఫ్రాన్సు చూడాలన్న ఆశ తీరిపోయి ఉంది. మరి దేనికి నోరు మూసుకున్నాను? మంచి మనిషి అనిపించుకోవడం కోసం. అంతే.

మరియమ్మ చెయ్యి వదిలేసింది.

కొన్నేళ్ళకు రెనే కూడా పోయాడని సిస్టరమ్మ చెప్పింది. తనకు ఆ గంటను ఇచ్చింది జోజప్పేనని నమ్ముతూ పోయాడు. ఇద్దరూ పోయాక నిజం నా ఒక్కదాని ఆస్తి అయింది. దాచడం సులువైంది. సులువైన కొద్దీ నిద్ర పట్టడం కష్టమైంది.

రెండు వేల పది దగ్గర పడుతుండగా పల్లె గుడికి కొత్త కప్పు వేశారు. కుర్ర స్వాములోరు ఒకాయన వచ్చి, ఈ గుడి తలుపుకు, ఆ ఫ్రెంచి ఊరి చర్చికి ఉన్న సంబంధం మీకు తెలుసట కదా, పండగ రోజు వచ్చి మా వాళ్ళకు చెప్పండి అని పిలిచాడు. వస్తానన్నాను. ఎందుకన్నానో అప్పుడు తెలియదు.

ఆ పొద్దున ముందుగా మరియమ్మ ఇంటికి వెళ్ళాను. ఆవుకు తవుడు కలుపుతోంది. నిలబడే చెప్పాను, మొదటి నుంచి చివరి దాకా. ఆమె బక్కెట్లో చెయ్యి ఆపలేదు. అంతా అయ్యాక చెయ్యి కడుక్కుంది.

"మా నాయినకు తెలుసా?" అంది.

"తెలీదు నాకు."

ఆవు ముందు బక్కెట్టు పెట్టి నా వైపు చూడకుండా అంది. "నాకు సెప్పేది ఏముంది. నేనెప్పుడూ నమ్మలా ఆయన అమ్ముకున్నాడని. ఆడ సెప్పు, గుళ్ళో."

గుళ్ళో చెప్పాను. కమాను గురించి, సింహాల గురించి చెప్పమని పిలిస్తే, జోజప్ప గంట ఇవ్వలేదని, ఇచ్చాడని చెప్పింది నేనని, అది పగలలేదని, ఆ ఊళ్ళో ఉందని చెప్పాను. పిల్లలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఏ గంట అని ముందు వరసలో ఒకడు పక్కవాణ్ణి అడిగాడు. చాలామందికి జోజప్పే తెలియదు. తెలిసిన ముసలివాళ్ళు నాలుగైదుగురు నేల చూశారు. తిరిగి వస్తుందా అని ఒకాయన అడిగాడు. ఆ ఊరికి రాస్తానన్నాను. రాశాను కూడా, జవాబు ఇంకా రాలేదు. స్వాములోరు ఇబ్బంది పడి, భోజనాలకు లేద్దాం అన్నాడు. మరియమ్మ ఒక్కతే తల మీద కొంగు సర్దుకుని, నేను ముగించేదాకా నన్నే చూసింది. తర్వాత లేచి పోయింది. నా దగ్గరకు రాలేదు. రావాలని నేను అనుకోకూడదు, అయినా కొంచెంసేపు నిలబడి చూశాను.

గుళ్ళో ఆ ఊరికి కావలసినంత చెప్పాను. మీకు ఇంకొంచెం చెప్పాను, ఆ రాతి గోడల మధ్య నేను పొందిన సంతోషంతో సహా. అది వాళ్ళకు చెప్పలేకపోయాను. దాన్ని కూడా ఎవరో ఒకరు వినాలనిపించింది. క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు. క్షమించగలిగిన మనిషి లేడు, ఉన్న మనిషి క్షమించలేదు.

ఆ రోజు అక్కడ భోజనానికి ఆగకుండా రోడ్డు దాకా నడిచి, పుంగనూరు బస్సెక్కాను. బస్టాండులో దిగేసరికి విపరీతమైన ఆకలి. అలాంటి ఆకలి ఎన్నేళ్ళ తర్వాత వేసిందో. ఎదురుగా మెస్సులో కూర్చుంటే ఆకు వేసి అన్నం, పప్పు, వంకాయ కూర వడ్డించారు. ఇంత జరిగాక ఆకలి వేయడం ఏమిటని సిగ్గుపడ్డాను. తర్వాత కలుపుకుని తిన్నాను. ఇంకొంచెం అన్నం పెట్టమని అడిగాను.